అన్నిటికీ అవునండీ

మా వైపు రోగి డాక్టరు ముందు నోరు విప్పడు. వస్తాడు, స్టూలు మీద కూర్చుంటాడు, చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు చాపుతాడు. ఏమిటయ్యా నీ బాధ అని అడిగితే, "తమరే చూసి చెప్పాలండీ" అంటాడు. జబ్బేమిటో తనే చెప్పుకునేట్టయితే ఇక డాక్టరు దగ్గరికి రావడం దేనికి అని అతని ఉద్దేశం. నాడి పట్టుకోగానే తలనొప్పో కడుపునొప్పో చెప్పేసేవాడు గొప్ప వైద్యుడు. నాలాగా వంద ప్రశ్నలడిగేవాడు చదువు సగంలో మానేసి వచ్చినవాడు.

సరే, పట్టు వదలకుండా అడిగామే అనుకోండి, అప్పుడింకో తంటా. "ఆకలి తగ్గిందా?" అంటే "అవునండీ". అనుమానమొచ్చి "పోనీ, ఆకలి బాగానే ఉందా?" అంటే "అవునండీ, బాగానే ఉందండీ". రెండూ ఒకే మనిషి, ఒకే ఊపిరిలో. పెద్దవాళ్ళడిగితే కాదనడం మర్యాద కాదని ఈ కృష్ణా ఒడ్డున పాలతోపాటు పోసి పెంచుతారు. ఆ మర్యాదతో నా తల ప్రాణం తోకకొచ్చేది. పంట కాలవల వెంట వచ్చే మలేరియా కంటే, గోదాముల్లోని ఎలుకల కంటే, ఈ అవునండీ నన్ను ఎక్కువగా పీడించింది.

ఇప్పుడు వన్‌టౌన్ అంటున్న పాత ఊళ్ళో, టోకు బట్టల కొట్ల వెనక సందులో ఉండేది నా డిస్పెన్సరీ. ముందు గదిలో రోగుల బల్ల, లోపలి గదిలో పరీక్ష చేసే మంచం, పక్కనే కాంపౌండరు మందులు కలిపే, చిన్న గదిలాంటి అర. ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకునేవారు. దానికి కాగితం ముక్క గళ్ళుగా కత్తిరించి అంటించి, పూటకో గడి మేర మందు తాగమని ఇచ్చి పంపేవాడు కాంపౌండరు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, వైద్యం చదివే కుర్రాళ్ళు వేసవి సెలవులకు ఇళ్ళకు రాగానే, వాళ్ళ నాన్నలు తీసుకొచ్చి నాకప్పగించడం మొదలెట్టారు. "మావాడు పుస్తకాలన్నీ నమిలి మింగాడండీ, కాస్త చేతిపని నేర్పి పుణ్యం కట్టుకోండి" అనేవారు. కాదనలేక ఒప్పుకునేవాణ్ణి. నేనూ కృష్ణా ఒడ్డువాణ్ణే కదా.

కాలేజీ ఆసుపత్రిలో రోగి మంచం మీద సిద్ధంగా పడుకుని ఉంటాడు. ఏం జబ్బో తలవైపు వేలాడే చీటీలో ముందే రాసి ఉంటుంది. నా దగ్గర ఏ చీటీ ఉండదు. గుమ్మంలోంచి వచ్చేవాడికి జలుబు కావచ్చు, క్షయ కావచ్చు, ఏమీ లేకపోవచ్చు. ఏదో కనుక్కోవడమే మా పని. అందుకని ఎవడొచ్చినా మొదటిరోజే మూడు పనులు చెప్పేవాణ్ణి. రోగి నడిచి వచ్చేటప్పుడు చూడు. అడిగేటప్పుడు జవాబు నువ్వే వాడి నోట్లో పెట్టకు. పడుకోబెట్టి చెయ్యి వెయ్యి. ఇవి చెప్పాక, కడుపునొప్పి సంగతి ప్రత్యేకంగా చెప్పేవాణ్ణి. మా ఊళ్ళో కడుపులో ఏమైనా సరే ఆముదం పడతారు. అజీర్ణమైతే పరవాలేదు. పెద్దపేగు మొదట్లో వేలెడంత తిత్తి ఒకటుంటుంది, అపెండిక్సు, అది వాచినప్పుడు ఆముదం పడితే లోపల పగిలి మనిషి పోతాడు. అలా పోయినవాళ్ళను నేను చూశాను. ఆముదం తాగేశాక నా దగ్గరికి మోసుకొస్తే నేను చేసేదేముంది? కాబట్టి కడుపు మీద చెయ్యి వేసి చూడకుండా ఆముదం మాట ఎత్తవద్దని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాణ్ణి.

ఆ ఏడు వచ్చినవాడు చల్లపల్లి పక్క రైతు కుటుంబం కుర్రాడు. పొడుగ్గా, అందంగా ఉండేవాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో స్టెతస్కోపు. దాన్ని భోజనానికి వెళ్ళేటప్పుడు కూడా తీసేవాడు కాదు. బుర్ర మాత్రం పాదరసం. ఏ ఎముక మీద ఏ కండరం అతుక్కుని ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఈ పిల్లవాడు పైకొస్తాడని మొదటి వారం నాకు భలే ముచ్చటేసింది.

వాడు అంతకంటే ముందే పైకొచ్చేశాడు. రోగులు మణికట్టు చాపడం చూశాడు, వాళ్ళకేం కావాలో కనిపెట్టాడు. ఒకరోజు నేను లోపలి గదిలో ఉండగా, ముందు గదిలో ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు మౌనంగా ఉండి, "రాత్రిళ్ళు నిద్ర సరిగా పట్టడం లేదు కదూ?" అన్నాడు. "అవును బాబూ." "నోరు చేదుగా ఉంటోంది." "అవును బాబూ." "కాళ్ళు లాగుతున్నాయి." "అవున్నాయనా, కళ్ళతో చూసినట్టు చెప్పావు" అంటూ ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ వయసులో నిద్ర పట్టనిదెవరికి? కాళ్ళు లాగనిదెవరికి? వారం తిరిగేసరికి బట్టల కొట్ల గుమాస్తాలు, కాలవ పక్క బండ్లవాళ్ళు, అందరూ నన్ను దాటుకుని లోపలికి తొంగిచూసి, "చిన్న డాక్టరు గారు లేరాండీ?" అని అడగడం మొదలెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కూర్చోబెట్టి చీవాట్లు పెట్టాను. "ఏమయ్యా, ఇది వైద్యమా, సోదె చెప్పడమా?"

వాడు చేతులు కట్టుకుని, "రోగికి నమ్మకం కుదిరితే సగం జబ్బు పోతుందని మీరే అన్నారు కదండీ" అన్నాడు.

"మిగతా సగం ఎవడు చూస్తాడు? నువ్వు చెప్పినదానికల్లా వాళ్ళు అవునన్నారని సంబరపడుతున్నావు. నీకు గర్భం వచ్చిందా అని ఆ బండివాణ్ణి అడుగు, దానికీ అవునంటాడు."

కాంపౌండరు అరలోంచి కిసుక్కున నవ్వాడు. కుర్రాడు కూడా నవ్వాడు. నేను సరదాకి చెప్పిన మాటనుకున్నారు ఇద్దరూ. మర్నాటినుంచి వాడు నా ఎదుట బుద్ధిగా పడుకోబెట్టి, తట్టి, నొక్కి చూసేవాడు. నేను విజిట్‌కు వెళ్ళగానే కళ్ళు మూసుకునేవాడు. గోడకు చెప్పినా అది కనీసం తలూపి మోసం చెయ్యదు.

వైశాఖంలో, పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్నప్పుడు, ఒక ఉదయం పటమటనుంచి కబురొచ్చింది. ఎవరికో పక్షవాతం. పటమట అప్పుడు ఊరవతల, పొలాల మధ్య. జట్కాలో వెళ్ళి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గుమ్మంలో రోగులు ఎవరూ లేరు. కుర్రాడు నా కుర్చీ పక్కన నిలబడి ఏనుగెక్కినంత సంబరంగా ఉన్నాడు.

"అందర్నీ చూసి పంపించేశానండీ. మీకింక శ్రమ లేదు."

కండువా తీసి ముఖం తుడుచుకుంటూ, ఎవరెవరొచ్చారని అడిగాను. జ్వరాలు, దగ్గు, చెవిలో చీము. అన్నీ చెప్పి, చివర్న, "కొండవార మగ్గాల సందునుంచి ఒక నేతాయన వచ్చాడండీ, కడుపునొప్పితో. చెయ్యి పట్టుకోగానే చెప్పేశాను, అజీర్ణమని" అన్నాడు.

నా చేతిలో కండువా ఆగిపోయింది. "ఏమని అడిగావు?"

"నిన్న పెళ్ళిభోజనం చేశారు కదూ అన్నాను, అవునన్నాడు. పుల్లటి తేన్పులు వస్తున్నాయి కదూ అన్నాను, అవునన్నాడు. బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది కదూ అంటే అదీ అవునన్నాడు."

"మొదలైంది సరే. ఇప్పుడెక్కడుంది నొప్పి?"

వాడి చెయ్యి మెళ్ళో స్టెతస్కోపు మీదికి పోయింది.

"పడుకోబెట్టి చూశావా?"

"బాగా జనం ఉన్నారండీ."

"పోనీ, అంతసేపు చెయ్యి పట్టుకున్నావు కదా, నాడి నిమిషానికి ఎంత కొట్టుకుంటోంది?"

కుర్రాడు నావైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు. లెక్కపెట్టలేదు. అందరిలో కళ్ళు మూసుకుని, మణికట్టు పట్టుకుని, అంతసేపు కూర్చుని, ఆ నాడిని లెక్కపెట్టలేదు. పుస్తకంలో మొదటి పేజీలో ఉండే పని అది. నేను ఆ మాట ఇప్పటికీ కోపం లేకుండా రాయలేకపోతున్నాను.

అరలోంచి కాంపౌండరు మెల్లిగా, "ఆయన వెళ్ళేటప్పుడు వంగిపోయి, కుడికాలు ఈడ్చుకుంటూ వెళ్ళాడండీ. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని పట్టేసిందేమో అనుకున్నాను" అన్నాడు. చూసినవాడు చెప్పలేదు, చెప్పాల్సినవాడు చూడలేదు. బాగుంది నా డిస్పెన్సరీ.

"మందేమిచ్చావు?" అని అడిగాను. అడగడం ఎందుకు, నాకు తెలుసు.

"మందెందుకులెమ్మని, ఇంటికెళ్ళి ఆముదం పట్టించుకోమన్నానండీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా తిట్టడానికి వ్యవధి లేదు. జట్కావాడింకా గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడు. వాణ్ణి కేకేసి, కుర్రాణ్ణి రెక్క పట్టుకుని ఎక్కించాను. కొండవార సందులు నాకు తెలుసు. ఆ నేతాయన కూడా తెలుసు. చాలా ఏళ్ళుగా నా రోగి. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. నూలు సర్కారు కంట్రోలులో పడి కరువైనప్పటినుంచి మగ్గం సగం రోజులు ఖాళీగానే ఉండేది. దారంతా బట్టల బేళ్ళ తోపుడుబండ్లు అడ్డం. ఒకడు తప్పుకుంటే ఇంకొకడు. గుర్రం అడుగు తీసి అడుగు వేస్తోంది. ఆముదం పట్టేసి ఉంటారు, ఈపాటికి పట్టేసి ఉంటారు అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. కుర్రాడు ఏదో అనబోయాడు.

"నోరు మూసుకో. ఇప్పుడు కళ్ళు తెరుచుకో, చాలు" అన్నాను.

నేతాయన ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. చావట్లో చాప మీద వెల్లకిలా పడుకుని, కుడి మోకాలు పైకి ముడుచుకుని ఉన్నాడు. భార్య పక్కన కూర్చుని ఉంది. ఆమె ముందు వేడినీళ్ళ గిన్నె, ఆ నీళ్ళలో ఆముదం గిన్నె. నిండుగా ఉంది.

"పట్టావా అమ్మా?"

ఆమె కొంగు సర్దుకుని లేచింది. ఆలస్యమైనందుకు కోప్పడుతున్నాననుకుంది కాబోలు, నసుగుతూ చెప్పింది. "ఇంకా లేదండీ. వచ్చేసరికి వర్జ్యం పెట్టిందండీ. వర్జ్యంలో మందేం పడతామని కూర్చున్నాను. ఇదుగో, ఇక వెళ్ళిపోతుందండీ, వెళ్ళగానే పట్టేస్తాను."

వర్జ్యమని, అమావాస్యని, మంగళవారమని మందు మొదలెట్టకుండా కూర్చునేవాళ్ళను నేను జీవితమంతా తిట్టాను. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఆ వేళ ఆ చావట్లో నిలబడి, పంచాంగం రాసినవాడికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకుంటూనే నామీద నాకు మహా చికాకేసింది. మా చదువులన్నీ కలిసి చెయ్యలేని పని ఒక దుర్ఘడియ చేసిందన్నమాట. ఈ సంగతి కుర్రాడికి పాఠంగా ఎలా చెప్పను?

నేతాయన పక్కన గొంతుకూర్చుని, "మొదటినుంచీ ఏమైందో నీ మాటల్లో చెప్పు" అన్నాను. మనిషి చెమటలు కక్కుతున్నాడు, పెదాలు ఎండిపోయాయి. నావైపు చూసి, నా వెనక నిలబడ్డ కుర్రాడివైపు చూశాడు.

"ఆ బాబు చెప్పినట్టేనండీ" అన్నాడు.

చచ్చేట్టున్నాడు, అయినా అదే మాట. ఇక నోటితో లాభం లేదని మణికట్టు కుర్రాడి చేతిలో పెట్టాను. "లెక్కపెట్టు. పైకి." జేబు గడియారం తీసి చూపించాను. వాడి లెక్క నిమిషం నిండకుండానే నూరు దాటింది. తర్వాత వాడి చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టించాను. ఎడమవైపు మెత్తగానే ఉంది. కుడివైపు కిందికి వచ్చేసరికి చెక్కలా ఉంది. నొక్కినప్పటికంటే చెయ్యి తీసినప్పుడు నేతాయన ఎక్కువగా మూలిగాడు. కుర్రాడు ఆ మూలుగుకి చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుని నావైపు చూశాడు. వాడి ముఖం తెల్లబోయింది. జబ్బు పేరు వాడే చెప్పాడు. పుస్తకం వాడికి బాగా వచ్చు కదా.

అదే జట్కాలో, భార్య ఒళ్ళో తల పెట్టించి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. సర్జను నాకు తెలిసినవాడు కావడం మంచిదైంది, సాయంత్రానికల్లా కోశాడు. తిత్తి నల్లబడి ఉంది, ఇంకా పగల్లేదు. ఆముదం పట్టి ఉంటే ఏమయ్యేదో సర్జను చేతులు కడుక్కుంటూ చెప్పాడు. నాకు చెప్పనక్కర్లేదు. కుర్రాడికి చెప్పాడు. వాడు తలవంచుకుని విన్నాడు. ఆసుపత్రి వరండాలో ఆ తర్వాత చాలాసేపు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. తిడదామని వెళ్ళి, కాఫీ ఇప్పించి తీసుకొచ్చాను.

ఇంతా జరిగాక ఊళ్ళో ఏమనుకున్నారనుకున్నారు? చిన్న డాక్టరు గారి హస్తవాసి గొప్పదన్నారు. చెయ్యి పట్టుకోగానే ప్రమాదం కనిపెట్టి, పెద్ద డాక్టరు గారిని ఇంటికి వెంటబెట్టుకొచ్చి మరీ మనిషిని బతికించాడట. మగ్గాల సందు మొత్తం చెయ్యి చూపించుకోవడానికి వరస కట్టింది. కాదయ్యా, జరిగింది ఇదీ అని నేను ఎంతమందికి చెప్పినా, "అవునండీ, అవునండీ" అని విని, వెళ్ళి వాడి ముందు కూర్చునేవారు. వాడు మాత్రం అప్పటినుంచి కళ్ళు మూసుకోలేదు. ఎవరు మణికట్టు చాపినా గడియారం తీసేవాడు. జనానికి అది ఇంకా గొప్పగా కనిపించింది.

సెలవులు అయిపోవస్తుండగా నేతాయన వచ్చాడు. చిక్కిపోయాడు కానీ నిటారుగా నడిచాడు. సంచిలోంచి తను నేసిన అంచు కండువా తీసి కుర్రాడి చేతిలో పెట్టి, దణ్ణం పెట్టాడు. నాకేమీ తేలేదని నేను కోప్పడలేదు. వాడు ఆ కండువా పట్టుకుని తల ఎత్తలేక నిలబడితే చూడలేకపోయాను. ఎవరో ఒకరు నిజం మాట్లాడాలి కదా అనిపించి, నేతాయన్ని స్టూలు మీద కూర్చోమన్నాను.

"ఒక్క సంగతి చెప్పు. ఆ రోజు నీకు పుల్లటి తేన్పులొచ్చాయా?"

"లేదండీ."

"ముందురోజు పెళ్ళిభోజనం చేశావా?"

"పెళ్ళికి మా ఇంటావిడ వెళ్ళిందండీ. నేను ఇంట్లోనే గంజి తాగి పడుకున్నానండీ. అప్పటికే నొప్పి."

"మరి అన్నిటికీ అవునన్నావేమయ్యా? ప్రాణం మీదికొచ్చింది కదా."

నేతాయన మొహమాటంగా నవ్వాడు. కుర్రాడికి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు, ఆ గదిలో వినబడకపోవడమెలా. "చదువుకుంటున్న బాబండీ. కళ్ళు మూసుకుని, అంత కష్టపడి, ఒక్కొక్కటే చెబుతున్నాడు. చుట్టూ అంతమంది ఉన్నారు. కాదని నేనంటే ఆ బాబు చిన్నబోడండీ?"

కుర్రాడు కండువాను గట్టిగా పట్టుకున్నాడు. వాణ్ణి ఆ సిగ్గునుంచి తప్పించాలనో, నన్ను నేను సమాధానపరుచుకోవాలనో, "సరే, వాడు చిన్నవాడు. ఇన్నేళ్ళుగా నా దగ్గరికి వస్తున్నావు. నేనడిగినవాటికైనా ఉన్నదున్నట్టు చెప్పావా?" అన్నాను.

"ఎంతమాటండీ" అన్నాడు నేతాయన, నిజంగా నొచ్చుకుని. "తమరంతటివారు అడిగితే కాదంటామాండీ?"

దణ్ణం పెట్టి, సంచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో అతనికి నేనిచ్చిన మందులు, ఏ అవునండీ మీద ఏ సీసా ఇచ్చానో, ఒక్కటీ గుర్తు రాలేదు. అతని తర్వాత వంతు ఒక రైతు భార్యది. వచ్చి స్టూలు మీద కూర్చుని, గాజులు పైకి జరుపుకుని, మణికట్టు చాపింది. ఆకలి ఉందా అమ్మా అని అడగబోయి ఆగాను. నిద్ర పడుతోందా అని అడగబోయి, అదీ ఆపేశాను. ఎలా అడగాలో నాకు తోచలేదు. చేతిలో కండువాతో నా విద్యార్థి, నేనేం అడుగుతానో నేర్చుకుందామని, నా ముఖంలోకే చూస్తున్నాడు.